కాలేజీ పేరు నేసిన వేసవి

మా పాపకి ఏడో నెల నడుస్తుండగా సూరత్ మూతపడింది. ఆ రోజుల్లో నేను కొత్తిమీరను సబ్బునీళ్లలో కడిగిన మనిషిని. కట్టగా కాదు, రెమ్మ రెమ్మగా. పాల ప్యాకెట్లను బట్టల తీగ మీద క్లిప్పులు పెట్టి ఆరేసేదాన్ని. అవి గాలికి ఊగుతుంటే ఎదురింటి గుజరాతీ ఆవిడ పిల్లల్ని కిటికీ దగ్గరికి పిలిచి మరీ చూపించేది. నేను తుడిచిన ప్రతి వస్తువునూ పాప నాకేది. పాప నాకిన ప్రతి వస్తువునూ నేను మళ్ళీ తుడిచేదాన్ని. రోజంతా ఒకరి వెనక ఒకరం ఇల్లంతా తిరిగేవాళ్లం. నాకది భయం, దానికది ఆట.

మా ఆయన గూడ్స్ బండి గార్డు. దేశంలో అన్నీ ఆగినా గూడ్సు ఆగలేదు. ఆయన డ్యూటీ నుంచి వచ్చినప్పుడల్లా నా కళ్లకు మనిషి కనిపించేవాడు కాదు, వల్సాడ్ నుంచి వడోదర దాకా ఆయన పట్టుకున్న కమ్మీలన్నీ వరసగా కనిపించేవి.

మా రైల్వే క్వార్టర్ల వెనక గోడకి అవతల ఒక కాలేజీ. క్యాథలిక్ సిస్టర్లు నడిపేది. హనుమకొండలో ఎం.ఏ. చరిత్ర చదివి, పెళ్లి చేసుకుని ఈ ఊరు వచ్చిన నాకు ఆ గోడ అవతల ఒక చిన్న ఉద్యోగం దొరికింది. చిన్నదంటే చాలా చిన్నది. బీకాం పిల్లలకి వారానికి రెండు పీరియడ్ల చరిత్ర పేపరు. పిల్లలు ఆ పీరియడ్లో అకౌంట్స్ లెక్కలు చేసుకునేవాళ్లు. పోస్టు తాత్కాలికం. ఏటా జూన్ వస్తే ఉంటానో ఊడతానో తెలియదు.

ప్రిన్సిపాల్ సిస్టర్‌ది గుంటూరు జిల్లా. సూరత్ వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. గుజరాతీలో బేరమాడుతుంది, హిందీలో ప్రసంగిస్తుంది, ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తుంది. కోపం వస్తే మాత్రం నేరుగా గుంటూరే. లాక్‌డౌన్ పడ్డ వారానికి ఫోన్ చేసింది.

"ఏమ్మాయ్, ఖాళీయేనా?"

"ఖాళీ ఎక్కడ సిస్టర్, కొత్తిమీర కడుగుతున్నా."

"అది ఇంకా కడుగుతూనే ఉన్నావా? నిన్న కూడా అదే చెప్పావు. సరే, విను. మన కాలేజీని యూనివర్సిటీ చేయమని అర్జీ పెట్టాం కదా, కమిటీ వాళ్లు రాలేరంట. ఫోన్లోనే చూస్తారంట. కాలేజీ చరిత్ర చెప్పాలంట పది నిమిషాలు. అది నువ్వు రాయాలి, నువ్వే చెప్పాలి."

"నేనా?"

"చరిత్ర మాస్టారువి నువ్వు కాక వంటమనిషి చెబుతుందా? చూడు, యూనివర్సిటీ అయితే చరిత్రకి సొంత శాఖ పెట్టమని అర్జీలో రాశాను. వస్తే మొదటి మనిషివి నువ్వే. రాకపోతే..." అని ఆగింది. సిస్టర్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. "రాకపోతే కొత్త సిలబస్‌లో నీ పేపరు కూడా తీసేస్తున్నారమ్మా."

ఫోన్ పెట్టేసి పాపని ఎత్తుకుని వంటింట్లో మూడు చుట్లు తిరిగాను. సంతోషమో భయమో నాకే తెలియలేదు. ఒకటి మాత్రం తెలిసింది. ఆ శాఖ రాకపోతే నేను జీవితాంతం పాల ప్యాకెట్లు ఆరేసుకుంటూ ఉండిపోతాను.

చరిత్ర రాయాలంటే రిజిస్టర్లు కావాలి. తాపీ నదికి వరద వచ్చిన ఏడాది రిజిస్టర్లు తడిశాయి. ఆరబెట్టారు గానీ సిరా అంతా కరిగి, పేజీలన్నీ ఒకే నీలం. మొదటి బ్యాచ్ విద్యార్థుల పేర్లున్న పుస్తకాన్ని సిస్టర్ వీడియో కాల్‌లో నాకు చూపించింది. ఆకాశం ఫొటోలా ఉంది.

"ఇందులో ఏముంది సిస్టర్?"

"ఏమో. మేఘాలున్నట్టున్నాయి."

కాబట్టి మనుషుల్ని అడగడం మొదలుపెట్టాను. పాపని ఒళ్లో వేసుకుని, ఫోన్‌ని పప్పు డబ్బాకి ఆనించి, రిటైరైన సిస్టర్లకీ, పాత ప్యూన్లకీ, మొదట్లో చదివి ఇప్పుడు అమ్మమ్మలైపోయిన అమ్మాయిలకీ ఫోన్లు. ఆ కాలేజీ నేననుకున్నంత గంభీరంగా పుట్టలేదు. ముగ్గురు సిస్టర్లు వచ్చారు. చేతిలో ఏమీ లేదు. ఒక నూలు వ్యాపారి సేఠ్ తన సంచాల షెడ్డులో సగం ఇచ్చాడు. సంచా అంటే ఇక్కడ కరెంటు మగ్గం. సగం షెడ్డులో మగ్గాలు, సగం షెడ్డులో చదువు. మధ్యలో గోనెపట్టా తెర. మగ్గాల చప్పుడుకి టీచరమ్మ గొంతు వినపడేది కాదు. అందుకని ముఖ్యమైన పాఠాలన్నీ వారానికి ఒకసారి కరెంటు తీసేసే రోజుకి దాచిపెట్టేవాళ్లట. ఆ రోజు మగ్గాలు ఆగేవి, చదువు నడిచేది. ఒక అమ్మమ్మ నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పింది: "మా బ్యాచ్ అమ్మాయిలం అందరం ఇప్పటికీ అరిచే మాట్లాడతాం. మా మొగుళ్లు పోట్లాట అనుకుంటారు."

అప్పుడు కాలేజీ ఊరి బయట ఉండేదట. చుట్టూ చెరుకు, మధ్యలో ఆ ఒక్క షెడ్డు. సిస్టర్లు సాయంత్రం చెరుకు తోటల్లోంచి నడిచి వస్తుంటే నక్కలు అరిచేవట. తర్వాత చెరుకు పోయి మగ్గాలొచ్చాయి. మగ్గాలు ఊరి అంచుకి, డిండోలికీ భేస్తాన్‌కీ జరిగి ఇక్కడ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఇప్పుడు లైబ్రరీ రెండో అంతస్తు కిటికీకి సరిగ్గా ఎదురుగా ఫ్లైఓవర్. చదువుకునే పిల్ల తలెత్తితే లారీ డ్రైవరు కళ్లలో కళ్లు పడతాయి. ఊరు కాలేజీని దాటుకుని ఎప్పుడో వెళ్లిపోయింది. కాలేజీ మాత్రం ఉన్నచోటే ఉండి మొదట రైల్వే వాళ్ల అమ్మాయిలకీ, తర్వాత మగ్గాల వాళ్ల పిల్లలకీ, ఆ తర్వాత వజ్రాల వ్యాపారుల పిల్లలకీ చదువు చెబుతూ వచ్చింది. ప్లేగు వచ్చిన ఏడాది ఊరు ఊరంతా రైళ్లెక్కి పారిపోతుంటే ఒక సిస్టర్ గేటు దగ్గర గంజి పొయ్యి పెట్టుకుని కూర్చుందట. "భయం వేయలేదా?" అని అడిగాను ఆవిడని. ఇప్పుడావిడకి ఎనభై పైన. "వేసింది. కానీ గంజి మాడిపోతుందని లేవలేదు" అంది.

ఆ మాట విన్న రోజు నేను కొత్తిమీరను ఒక్కసారే కడిగాను.

ఇంతలో కాలేజీ హాలు నిండింది. మగ్గాలు మూతపడి, గదుల అద్దెలు కట్టలేక, ఊళ్లకి వెళ్లే దారి లేక ఆగిపోయిన కార్మికుల్ని హాల్లో ఉంచమన్నారు అధికారులు. అందులో ముగ్గురు మన వాళ్లు, సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో పెద్దాయనకి అరవై దగ్గర. ముప్ఫై ఏళ్లుగా సూరత్ మగ్గాల మీదే. సిస్టర్ గుంటూరు తెలుగూ ఆయన తెలుగూ ఒకదాన్నొకటి చూసి దణ్ణం పెట్టుకునేవి గానీ కలిసేవి కావు. అందుకని నన్ను రమ్మంది. మా ఆయన ఇంట్లో ఉన్న పూట పాపని ఆయనకప్పగించి, రెండు మాస్కులు, వాటి మీద ప్లాస్టిక్ తెర, చేతులకి తొడుగులు వేసుకుని గోడ పక్క చిన్న గేటులోంచి వెళ్లేదాన్ని. హాల్లోకి మాత్రం అడుగు పెట్టేదాన్ని కాదు. కిటికీ బయట నిలబడి మాట్లాడేదాన్ని.

మొదటి రోజు నన్ను చూసి పెద్దాయన భయపడ్డాడు.

"ఏంది మేడం, ఏడన్న తేనెపట్టు తీయవోతున్నవా?"

మిగతా ఇద్దరూ నవ్వారు. ప్లాస్టిక్ తెర వెనక నేను కూడా నవ్వాను, తెర అంతా ఆవిరి పట్టింది, ఆ రోజు వాళ్ల ముఖాలు నాకు మళ్ళీ కనపడలేదు.

టెక్స్‌టైల్ డిపార్ట్‌మెంట్ వాళ్ల చేతిమగ్గం ఒకటి హాలు మూల దుప్పటి కప్పి ఉండేది, పిల్లలకి చూపించడానికి. పెద్దాయన రోజూ దాని దగ్గరికి వెళ్లి దుప్పటి ఎత్తి చూసి మళ్ళీ కప్పేవాడట. మూడో రోజు సిస్టర్ పట్టుకుంది. అప్పుడు చెప్పాడు: "చిన్నప్పుడు మా నాయిన దగ్గర గిదే నేసిన. చేతులు గుంజుతున్నయమ్మా. పొద్దుపోతలేదు. జర నూలిస్తే ఏదన్న నేస్త."

సిస్టర్‌కి ఆలోచనలు అగ్గిపుల్లల్లాంటివి, గీసిందంటే అంటుకోవాల్సిందే. కాలేజీ పేరు నేయిద్దాం అంది. పొడుగాటి బట్ట, దాని మీద ఇంగ్లీషులో కాలేజీ పేరు, కింద షెడ్డు బొమ్మ, మధ్యలో సిలువ. మగ్గాల షెడ్డులో పుట్టిన కాలేజీకి మగ్గం మీద నేసిన పేరు. కమిటీ వాళ్లు పడిపోవాలి. అక్షరాలు గీసే పని నాది. పాప నిద్రపోయినప్పుడల్లా చార్టు కాగితాలు అతికించి, స్కేలు పెట్టి, నా జీవితంలో ఎప్పుడూ గీయనంత చక్కగా గీశాను.

రెండు రోజుల తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి పెద్దాయన భుజం మీదుగా చూశాను. పడుగు దారాల కింద కట్టిన నా కాగితం తిరగేసి ఉంది. నేసిన రెండక్షరాలూ, తలకిందులు కాదు గానీ, అద్దంలో చూసినట్టు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి.

"పెద్దాయనా! కాయితం ఉల్టా పెట్టినవ్!"

"ఉల్టా గాదు మేడం, గంతే. పువ్వో అచ్చరమో ఏసెటప్పుడు మంచి మొఖం కిందికుంటది."

"లేదు లేదు, ఇంగ్లీషు రాదు కదా నీకు, అందుకే తెలుస్తలేదు. ఇది తప్పు. నేనే గీసిన కదా, నాకు తెల్వదా?"

ఆయన నా వైపు తిరిగి చూశాడు. నూలు కండె చేతిలోనే ఉంది. "నేత పనిల మంచి మొఖం..." అని మళ్ళీ మొదలుపెట్టాడు. నేను వినలేదు. భయంలో ఉన్న మనిషికి చెవులు ఉండవు, నోరే ఉంటుంది. కమిటీ, శాఖ, జూన్ నెల, సిలబస్, పాల ప్యాకెట్లు, అన్నీ కలిపి ఆ కిటికీ కమ్మీల్లోంచి ఆయన మీదకి కుమ్మరించాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "మీరు చెప్తే సరే. కాయితం మీది" అన్నాడు. రెండక్షరాల దారాలూ ఊడదీశాడు. కాగితం తిప్పి కట్టాడు. నేను పై నుంచి చూస్తే ఇప్పుడు పేరు చక్కగా చదవడానికి వస్తోంది. ఎంత పెద్ద ప్రమాదం తప్పించానో అనుకుంటూ ఇంటికొచ్చి మా ఆయనకి వర్ణించి వర్ణించి చెప్పాను. ఆయన పాపకి అన్నం పెడుతూ "సిరిసిల్లాయనకు నువ్వు నేత నేర్పినవా?" అన్నాడు. వెటకారం అనుకోలేదు. మెచ్చుకోలు అనుకున్నాను.

బట్ట పూర్తయ్యే రోజుకి మా క్వార్టర్ల వరసలో ఒకరికి పాజిటివ్ వచ్చి, వెదుళ్లు కట్టి వీధి మూసేశారు. నేను ఇంట్లో ఇరుక్కుపోయాను. కార్మికుల రైలు ఖాయమైందనీ, ముగ్గురూ మర్నాడే వెళుతున్నారనీ, బట్ట కోసి మడత పెట్టారనీ సిస్టర్ ఫోన్ చేసింది.

"విప్పి చూడనా? ఎలా వచ్చిందో చూడాలని ప్రాణం లాగేస్తుందమ్మాయ్."

"వద్దు సిస్టర్! ముట్టుకోవద్దు! ఎన్ని చేతులు పడ్డాయో. పద్నాలుగు రోజులు పక్కన పెట్టండి. మూట కట్టి బీరువాలో పెట్టి తాళం వేయండి."

"బట్టకి కూడా క్వారంటైనా?"

"బట్టకి కూడా."

ఆ మాట ప్రకారం సిస్టర్ దాన్ని పాత దుప్పట్లో మూట కట్టి ప్రార్థన చేసుకునే చాపెల్ పక్క బీరువాలో పెట్టి, మూట మీద తేదీ రాసిన చీటీ అంటించింది. ఎదురుగా వెళ్లేటప్పుడల్లా "ఎలా ఉన్నావమ్మా, జ్వరం ఏమన్నా ఉందా" అని ఆ బీరువాని పలకరించేదట. తర్వాత నాకు చెప్పింది, నన్ను ఏడిపించడానికి.

మా వీధి వెదుళ్లు తీసేశాక, కమిటీ చూసే రోజు ఉదయం తొమ్మిదికి కాలేజీ హాల్లో మూట విప్పాం. మా ఆయన తెల్లారేసరికే డ్యూటీకి వెళ్లాడు, పాప నా చంకలో ఉంది, ఎనిమిది నెలల్లో మొదటిసారి బయటి గాలి పీలుస్తున్న పిల్లలా నలువైపులా చూస్తోంది. కంప్యూటర్ సార్ ఫోన్ స్టాండు బిగిస్తున్నాడు. సిస్టర్ బట్టని గోడకి కట్టించింది. నేతలో ఒక్క వంక లేదు. దారం దారం మెరుస్తోంది. పేరు మాత్రం కుడి నుంచి ఎడమకి నడుస్తోంది. ప్రతి అక్షరం వెనక్కి తిరిగి నిలబడింది. సిలువ ఒక్కటే ఎటు నుంచి చూసినా సిలువలా ఉంది.

పాప చప్పట్లు కొట్టింది.

"ఇదేంటమ్మాయ్," అంది సిస్టర్ మెల్లగా, "మన కాలేజీ మనకి వీపు చూపిస్తుంది?"

మంచి మొఖం కిందికుంటది. కిటికీలోంచి ఆయన రెండుసార్లు చెప్పిన మాట అప్పుడు నా చెవుల్లోకి వెళ్లింది, మూడు నాలుగు వారాలు ఆలస్యంగా. పువ్వు నేసేటప్పుడు బట్ట మంచి వైపు కిందికి ఉంటుంది, నేసేవాడికి వెనక వైపే కనపడుతుంది. నాకు చదవడానికి వచ్చిందంటే అది వెనకవైపు సరిగ్గా వచ్చిందని అర్థం. ముందువైపు కాదు.

కమిటీ పదింటికి, ఇంకా ముప్పావు గంట ఉంది. అప్పుడు కంప్యూటర్ సార్ కేక వేశాడు. "మేడం, ఇటు రండి, ఫోన్లో చూడండి!" ఫోన్ తెర మీద, పాపని ఎత్తుకున్న నా వెనక, కాలేజీ పేరు నిక్షేపంగా సరిగ్గా కనపడుతోంది! మేము గంతులేశాం. సిస్టర్ నిజంగానే గంతేసింది, తెల్ల చెప్పు ఒకటి ఊడి అంత దూరాన పడింది. టెక్నాలజీ అంటే ఇదీ అని సార్ కాలర్ ఎగరేశాడు. సంతోషం సరిగ్గా నాలుగు నిమిషాలు. ఎందుకో అనుమానం వచ్చి ఆయనే తన రెండో ఫోన్ నుంచి మాకు కాల్ కలిపి చూశాడు. మా తెర మీద మాకు మేము అద్దంలో లాగా కనపడతామట. అవతలి వాళ్లకి మాత్రం ఉన్నది ఉన్నట్టే. అంటే కమిటీకి వీపే.

పెద్దాయనకి ఫోన్ చేశాను. ఊళ్లో బడిలో పెట్టారట, వేరే ఎవరినీ కలవకుండా. వీడియోలో వెనక నల్లబల్ల కనపడుతోంది, దాని మీద ఎవరో వేసిన ఎక్కాలు.

"పెద్దాయనా, కొంప మునిగింది. పేరు ఉల్టా వచ్చింది."

ఆయన ముఖం ముందు గంభీరంగా, తర్వాత వంకరగా, తర్వాత ఆగకుండా నవ్వుగా మారింది. పక్కన ఉన్న ఇద్దర్నీ పిలిచాడు. "అరే ఇటు రాండ్రి, మేడంకు మంచి మొఖం గనవడ్డది!"

"నవ్వకు. ముందే గట్టిగ చెప్పొద్దా? తిట్టొద్దా నన్ను?"

"ఖాతాల, గదే మగ్గాల కార్ఖానల, డిజైన్ మాస్టర్ చెప్పినంక నేసే కారీగర్ మాట్లాడడు మేడం. ముప్పై ఏండ్ల అలవాటు. సదువుకున్న బిడ్డవు, ఏదో లెక్కుంటదనుకున్న."

"ఇప్పుడు ఏం జేయాలె?"

"ఏమున్నది? తిప్పుండ్రి. ఎన్కమొఖం ముంగటికి పెట్టుండ్రి."

ఇంత సులభమైన సంగతి ఒక ఎం.ఏ.కీ, ఒక ప్రిన్సిపాల్‌కీ, ఒక కంప్యూటర్ సార్‌కీ తట్టలేదు. తిప్పాం. పేరు సరిగ్గా వచ్చింది. దానితోపాటు వెనకవైపు దారపు కొసలన్నీ వచ్చాయి. ప్రతి అక్షరం మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి, ఎరుపూ పసుపూ నీలం, జానెడు జానెడు వేలాడుతూ. కాలేజీకి గడ్డం పెరిగినట్టుంది. సిస్టర్ కత్తెర తెచ్చింది. ఫోన్లోంచి పెద్దాయన అరుపు: "కత్తెర వెట్టకు అమ్మా! కొసలు పొట్టిగ కోస్తే పువ్వు ఊడొస్తది! ఉండనీయుండ్రి!"

ఉండనిచ్చాం. పది అయింది.

కమిటీలో నలుగురు నాలుగు చతురస్రాల్లో కూర్చున్నారు. అధ్యక్షురాలు తెల్ల జుట్టు, కళ్లజోడు ముక్కు చివర, హిందీలో మాట్లాడుతోంది. నేను రాసుకున్న పది నిమిషాల చరిత్ర నా చేతిలో ఉంది. దాతలు, భవనాలు, ర్యాంకులు, అన్నీ మర్యాదగా వరసలో పెట్టాను. మొదటి వాక్యం చదివాను. రెండోది మొదలుపెట్టేలోపు పాప చెయ్యి చాపి ఒక ఎర్ర కొసని పట్టుకుంది. పట్టుకుని లాగింది. అక్షరం ఒకటి ముడుచుకుని, పక్క అక్షరం మీదికి ఒరిగింది.

"ఆ దారాలేంటమ్మా?" అంది అధ్యక్షురాలు.

పాప పిడికిలి విప్పడానికి ప్రయత్నిస్తున్నాను, అది విప్పదు. చేతిలో కాగితాలు కింద పడ్డాయి. వంగితే పాప దారం మరింత లాగుతుంది. ఇక చేసేదేమీ లేక నిజం చెప్పడం మొదలుపెట్టాను. కాగితం లేదు కాబట్టి వరస కూడా లేదు. ఇది నేసినాయన ఈ హాల్లోనే ఉండేవాడనీ, ఆయన సరిగ్గా పెట్టిన కాగితాన్ని నేనే తిప్పించాననీ, మీరు చూస్తున్నది వెనకవైపు అనీ చెప్పాను. ఆ నోటితోనే గోనెపట్టా తెర వెనక మొదలైన క్లాసుల గురించీ, కరెంటు పోయిన రోజు నడిచిన పాఠాల గురించీ, ఇప్పటికీ అరిచి మాట్లాడే అమ్మమ్మల గురించీ, గంజి మాడుతుందని లేవని సిస్టర్ గురించీ, ఆకాశం లాంటి రిజిస్టరు గురించీ చెప్పాను. ఊపిరి కూడా తీసుకున్నట్టు గుర్తులేదు. పక్కన ఫోన్‌కి కనపడకుండా నిలబడ్డ సిస్టర్ రెండు చేతులతో నోరు మూసుకుంది. అది నవ్వో ప్రార్థనో ఇప్పటికీ చెప్పదు.

అధ్యక్షురాలు కళ్లజోడు పైకి తోసుకుంది. "రిజిస్టర్లు పోయాక ఇదంతా ఎలా కనుక్కున్నారు?"

"అడిగానండీ. ఫోన్లు చేసి. పప్పు డబ్బాకి ఫోన్ ఆనించి."

"ఎంతమందిని?"

"ఫోన్ ఎత్తిన అందర్నీ."

కింది చతురస్రంలో ఒకాయన ఏదో రాసుకున్నాడు. "కామర్సూ టెక్స్‌టైలూ చెప్పే కాలేజీకి చరిత్ర శాఖ ఎందుకని అడగాలనుకున్నా" అని అన్నాడు. తర్వాత అడగలేదు. నాకు మాత్రం వారాలపాటు ఆ అడగని ప్రశ్నే బుర్రలో తిరిగింది. అడిగి ఉంటే బాగుండేదా, అడగకపోవడం మంచిదా? అన్నం కుక్కర్ పెట్టి విజిల్స్ లెక్కపెట్టడం మరిచిపోయేదాన్ని. ఆయన ఏం రాసుకున్నాడు? "తల్లికి మతి స్థిమితం లేదు" అని రాసుకున్నాడేమో?

వానలు మొదలై, తాపీ రంగు మారిన తర్వాత ఉత్తరం వచ్చింది. సిస్టర్ ఫోన్ చేసి మొత్తం చదువుతానంది. సిస్టర్‌కి ఏదైనా మొదటి నుంచే చదివే అలవాటు. పైన ఉన్న నంబరు, తేదీ, "విషయం", "సూచిక", ఏదీ వదలదు.

"సిస్టర్, చివరికి వెళ్లండి!"

"ఉండమ్మా, క్రమంలో చదవాలి. యూనివర్సిటీ హోదా విషయం... తదుపరి పరిశీలనకై... వాయిదా వేయడమైనది."

వాయిదా. నేను గోడకి జారగిలబడి కింద కూర్చున్నాను. పాప వచ్చి నా ఒళ్లోకెక్కింది.

"ఇంకా ఉంది, వింటున్నావా? అయితే... స్థానిక చరిత్రను సేకరించడంలో సంస్థ చూపిన... ఈ పదం ఏంటో, కళ్లజోడు ఏది... ఆసక్తి. చూపిన ఆసక్తి దృష్ట్యా, ప్రస్తుత విద్యాసంవత్సరం నుంచే, చరిత్ర శాఖ ప్రారంభించుటకు..."

అనుమతి అనీ, పేర్లిచ్చిన నలుగురు పిల్లలతో సోమవారమే మొదలనీ అంది గానీ, మిగతాది నాకు వినపడలేదు. నేను లేచాను, పాపని పైకి విసిరి పట్టుకున్నాను, మళ్ళీ విసిరాను. అప్పుడే మా ఆయన డ్యూటీ దిగి వచ్చి నేరుగా బాత్రూములోకి దూరాడు. నేను తలుపు బయట నిలబడి, లోపల నీళ్ల చప్పుడు మీదుగా, షెడ్డులో చదువుకున్న అమ్మమ్మలాగా అరిచాను.

"శాఖ ఇచ్చిండ్రు! నేనే మొదటి మనిషిని!"

నీళ్లు ఆగాయి. తలుపు జానెడు తెరుచుకుంది. తల నిండా సబ్బు నురగ, ఒక కన్ను మూసుకుని ఉన్నాడు.

"నిజంగనా?"

"నిజంగనే! సోమవారం నుంచి ఆన్‌లైన్ క్లాసులు!"

"మంచిదే గానీ, పాపను ఎవలు చూస్తరు?"

అదొక్కటి ఎవరూ ఆలోచించలేదు. నేను, సిస్టర్, కమిటీ, ఎవరూ. ఆయన నీళ్లు పోసుకుని బయటికి రాగానే వంటింటి బండ మీద కాగితం పరిచాం. గూడ్స్ గార్డుకి టైం టేబుల్ అంటూ ఉండదు, రెండు గంటల ముందు ఫోన్ వస్తే వెళ్లాల్సిందే. అయినా ఇద్దరం కూర్చుని, ఆయన ఎప్పుడెప్పుడు ఇంట్లో ఉండొచ్చో ఊహించి ఊహించి, నలుగురు పిల్లల చరిత్ర శాఖకి మొదటి టైం టేబుల్ వేశాం. సోమవారం పదింటి గడిలో "ప్రాచీన భారతం" అని రాశాను. ఆయన ఆ పక్కనే పెన్సిలుతో "బొగ్గు బండి రాకపోతే" అని రాశాడు. ఆ కాగితాన్ని ఫొటో తీసి అలాగే సిస్టర్‌కి పంపాను.

జవాబు నిమిషంలో వచ్చింది: "మంజూరు చేయడమైనది."